‘మనవాడే’ అన్న మాట అర్హతాపత్రం కాదు

ఇల్లు కొనబోయే ముస్లిం కుటుంబం ఎన్నో విషయాలు విచారిస్తుంది. గజం ధర ఎంత, మస్జిద్ ఎంత దూరం, నల్లా నీళ్ళు వస్తాయా లేక ట్యాంకరు మీద ఆధారపడాలా, ఇరుగుపొరుగు ఎటువంటివారు అని నలుగురినీ అడుగుతుంది. కాగితాలు ఎవరు చూశారని అడిగితే మాత్రం ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: ‘వకీల్ సాబ్ చూశారు, మనవాడే.’ ఆ వకీల్ సాబ్‌ను తీసుకువచ్చినది ఎవరంటే, స్థలం అమ్మిపెడుతున్న బ్రోకరే. ఆయన ఫీజు ఎవరు ఇచ్చారంటే, అదీ బ్రోకరే చూసుకున్నాడు. జీవితకాలపు సంపాదనను, ఇంటి ఆడవాళ్ళ నగలను, జెద్దాలోనో దుబాయిలోనో ఏళ్ళ తరబడి ఎండలో కష్టపడి పంపిన సొమ్మును ఇలా ముక్కూముఖం తెలియని మనిషి సంతకానికి అప్పగించి, దానికి మనం ‘భరోసా’ అని పేరు పెట్టుకున్నాము.

ఇది భరోసా కాదు, బాధ్యత నుంచి తప్పించుకోవడం. పిల్ల సంబంధం విషయంలో నాలుగు ఊళ్ళు తిరిగి విచారించే మనము, ఇంటి కాగితాలు చూసే మనిషి విషయంలో ఒక్క ప్రశ్న వేయము. మన ఆస్తులు పోవడానికి కబ్జాదారులు, వారికున్న రాజకీయ అండదండలు, అధికారుల నిర్లక్ష్యం కారణాలని ప్రతి సభలోనూ చెప్పుకుంటున్నాము. ఆ మాట నిజమే. అయితే చెల్లని దస్తావేజు చెల్లుతుందని మనకు చెప్పిన వకీలు కూడా ఆ కథలో ఒకడున్నాడు. ఆయనను ఏ విచారణా లేకుండా నెత్తిన పెట్టుకున్నది మనమే. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. వకీలు మతం, మర్యాద, బంధుత్వం మన ఇంటిని కాపాడవు. ఆయన స్వతంత్రత, ఆయన అడిగే ప్రశ్నలు, ఆయన వ్రాతపూర్వకంగా ఇచ్చే మాట మాత్రమే కాపాడతాయి.

వకీలు ఎవరి పక్షం?

న్యాయవాదుల చట్టం 1961లో వచ్చింది. ఆ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వృత్తి ప్రవర్తనా నియమాలను రూపొందించింది. వాటిలో సామాన్యుడు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కక్షిదారుతో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే, ఎదుటి పక్షంతోనూ ఆ వ్యవహారంతోనూ తనకున్న సంబంధాన్ని వకీలు దాపరికం లేకుండా చెప్పాలి. తన కక్షిదారు సూచనల మీదనే పనిచేయాలి గాని మరొకరి సూచనల మీద పనిచేయరాదు. కక్షిదారు సొమ్ముకు లెక్క వ్రాయాలి. కేసు గెలిస్తే ఇంత భాగమని ఫలితం మీద ఫీజు కుదుర్చుకోరాదు. ప్రకటనల ద్వారాగాని, మధ్యవర్తుల ద్వారాగాని పని కోసం వెంటపడరాదు.

ఈ నియమాలను మన మొహల్లా వ్యవహారం పక్కన పెట్టి చూడండి. బ్రోకరు వెంట వచ్చే వకీలు మొదటి నియమం దగ్గరే నిలబడలేడు. ఒకే వెంచర్‌లో నూరు ప్లాట్లు అమ్ముడుపోతే నూరుమందికీ ఆయనే కాగితాలు చూస్తాడు. నూట ఒకటవ కొనుగోలుదారుతో ‘ఈ స్థలం వద్దు’ అని ఆయన అనగలడా? అంటే మరునాటి నుంచి ఆయనకు ఆ వెంచర్ పని ఉండదు. ఆయన వ్యక్తిగతంగా నిజాయితీపరుడే కావచ్చు. కాని ఆయన అన్నం అమ్మకందారు ఇంట్లో ఉన్నది. అటువంటి మనిషి అభిప్రాయం అమ్మకందారు కరపత్రంలో ఒక పేజీ, అంతే.

ఆస్తి విలువలో శాతం అడిగే వకీలు సంగతీ ఇంతే. బేరం పూర్తయితేనే ఆయనకు డబ్బు. బేరం ఆపవలసిన మనిషికి బేరం జరగడంలో లాభం చూపించి, ఆయన మనలను ఆపుతాడని ఆశించడం అవివేకం. కాగితాలు చూసినందుకు ఇంత అని ముందే నిర్ణయించిన ఫీజును, మన చేతితో, మన వకీలుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నలభై లక్షల ఇల్లు కొంటూ కొన్ని వేల ఫీజు దగ్గర బేరమాడే కుటుంబాలను చూసి నేను ఎన్నోసార్లు విస్తుపోయాను.

రిజిస్ట్రేషన్ అయితే అంతా అయినట్టేనా?

‘గవర్నమెంటు ఆఫీసులోనే రిజిస్టర్ అయింది కదా, ఇక భయమేమిటి’ అనేవారు చదువుకున్న వారిలోనూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుకు జరుగుతుంది, హక్కుకు కాదు. అమ్మేవానికి నిజంగా హక్కు ఉన్నదా లేదా అని విచారించే న్యాయస్థానం కాదు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. హక్కు రుజువు కాలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ నిరాకరించే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు ఇచ్చిన తమిళనాడు నియమాన్ని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టివేసింది. అంటే హక్కు చూసుకోవలసిన భారమంతా కొనేవాని మీద, ఆయన పెట్టుకున్న వకీలు మీద ఉన్నది.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివాటికి నిషేధిత జాబితా ఉన్నది. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. జాబితాలో లేనంత మాత్రాన స్థలం నిష్కళంకమని అర్థం కాదు. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. అటువంటి భూమి మీద వెంచర్ వేసి చేతులు దులుపుకున్నవారు ఎందరో. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు కలిపి చేసే అమ్మకం వలన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంచేసింది. నోటరీ ముద్ర వేసిన కాగితం వలన కూడా ఇల్లు మన పేరున మారదు. అయినా మన బస్తీలలో నేటికీ ‘నోటరీ ఇల్లు’ అని ప్రత్యేకంగా ధర పలుకుతూనే ఉన్నది.

వకీలు పొరపాటు చేస్తే తరువాత చూసుకుందామనుకునేవారు రెండు తీర్పులు గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లోని ఒక బ్యాంకుకు ఆస్తి పత్రాలపై అభిప్రాయం ఇచ్చిన ప్యానెల్ న్యాయవాది కేసులో 2012లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. అభిప్రాయంలో నిర్లక్ష్యం ఉన్నంత మాత్రాన ఆయన నేరస్థుడు కాడు, మోసగాళ్ళతో చేతులు కలిపినట్టు ఆధారం ఉండాలి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే నెలలో మరొక తీర్పు వచ్చింది. కాబట్టి వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోయింది. నిర్లక్ష్యం ఒక్కటే ఉంటే పోలీసు స్టేషను కూడా తెరుచుకోదు. ఇక మిగిలేది సివిల్ దావా, బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. బార్ కౌన్సిల్ ఆయనను మందలించగలదు, సస్పెండ్ చేయగలదు, పట్టిక నుంచి పేరు తొలగించగలదు. పోయిన ఇంటిని మాత్రం తెచ్చి ఇవ్వలేదు. ఎంపిక చేసుకునే వేళ చూపని జాగ్రత్తను తరువాత ఏ కోర్టూ మనకు తిరిగి ఇవ్వదు.

అడగవలసిన ప్రశ్నలు అడిగే వకీలు కావాలి

మంచి వకీలును గుర్తించడానికి సులభమైన మార్గం ఒకటున్నది. ఆయన చెప్పే జవాబుల కంటే ఆయన మనలను అడిగే ప్రశ్నలను గమనించాలి. ముస్లిం కుటుంబపు ఆస్తి విషయంలో ఈ ప్రశ్నలు అడగని వకీలు ఎంత పేరున్నవాడైనా మన పనికి తగడు.

మొదటి ప్రశ్న: ‘అమ్మేవాని అక్కాచెల్లెళ్ళు ఎందరు?’ తండ్రి మరణించాడు, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు మిగిలారు, ఇల్లు 160 గజాలు అనుకుందాం. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 20 గజాలు. మిగిలిన 140 గజాలలో కొడుకుకు 70, కూతుళ్ళకు తలా 35. కొడుకు ఒక్కడే సంతకం పెట్టి ఇల్లంతా అమ్మితే కొన్నవానికి దక్కేది 70 గజాల హక్కు. 160 గజాలకు డబ్బు ఇచ్చినా 90 గజాలు ఇతరులవే. హిందూ ఉమ్మడి కుటుంబంలో కర్తకు ఉండే అధికారం ముస్లిం కుటుంబంలో పెద్దకొడుకుకు లేదు. ఈ తేడా తెలియని వకీళ్ళు ఉన్నారు. తెలిసీ మౌనం వహించేవారు అంతకంటే ప్రమాదకరం.

తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం వచ్చే దరఖాస్తులు చాలా చూశాను. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లల పేర్లు వాటిలో ఎంత నిశ్శబ్దంగా మాయమయ్యేవో నాకు తెలుసు. విచారణకు పిలిచి అడిగితే ‘వాళ్ళకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం సార్’ అనేవారు. పెళ్ళి ఖర్చు వారసత్వపు వాటా కాదు. తండ్రి బ్రతికుండగా కూతురు వ్రాసిచ్చిన వదులుకోలు కాగితం కూడా సాధారణంగా చెల్లదు, ఎందుకంటే అప్పటికి ఆమెకు పుట్టని హక్కును ఆమె వదులుకోలేదు. తండ్రి తరువాత ఆమె ఇష్టపూర్వకంగా రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు వ్రాస్తేనో, అమ్మకంలో తానూ సంతకం పెడితేనో ఆ ఇల్లు నిర్మలమవుతుంది. సూరా అన్ నిసాలో వాటాలు నిర్ణయమై ఉన్నాయని ఉపన్యాసాలలో గర్వంగా చెప్పుకొని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లెలి పేరు దాచేవారికి సహకరించే వకీలు మన మిత్రుడు కాడు.

రెండవ ప్రశ్న: ‘మైనర్లు ఉన్నారా?’ భర్త పోయిన స్త్రీ పిల్లల చదువుకోసం ఇల్లు అమ్ముకోవడం మన బస్తీలలో అరుదు కాదు. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం మైనర్ల స్థిరాస్తికి తల్లి చట్టబద్ధ సంరక్షకురాలు కాదని, కోర్టు అనుమతి లేకుండా వారి వాటాను ఆమె అమ్మజాలదని ప్రివీ కౌన్సిల్ 1918లోనే చెప్పింది. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ పని ఆలస్యమవుతుందని దాటవేయించే వకీలు, కొన్నవారినీ ఆ అనాథలనూ ఒకేసారి ముంచుతున్నాడు.

మూడవ ప్రశ్న: ‘హిబా అయితే స్వాధీనం ఎప్పుడు ఇచ్చారు?’ దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం అప్పగించడం అనే మూడూ ఉంటే ముస్లిం చేసిన దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఇది మనకు దక్కిన సౌకర్యం. ఈ సౌకర్యాన్నే అడ్డుపెట్టుకొని, తండ్రి పోయిన నలభై రోజులకు పాత తేదీతో హిబానామా బయటికి తీసే కొడుకులు ఉన్నారు. సాక్షులు ఎవరు, ఆనాటి నుంచి ఇంటి పన్ను ఎవరి పేరున ఉన్నది, అద్దె ఎవరు వసూలు చేశారు, మిగతా వారసులకు తెలుసా అని తరచి అడగని వకీలు అటువంటి హిబానామాను కళ్ళకద్దుకొని ‘చెల్లుతుంది’ అంటాడు. వీలునామా చూపితే మూడవ వంతు పరిమితినీ, ఒక వారసునికే వ్రాసి ఉంటే మిగతా వారసుల సమ్మతినీ ఆయన ప్రస్తావించాలి.

నాల్గవ ప్రశ్న: ‘ఈ సర్వే నంబరు వక్ఫ్ గెజిట్‌లో ఉన్నదా?’ వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, తాకట్టు వంటి బదిలీలను 1995 వక్ఫ్ చట్టానికి 2013లో వచ్చిన సవరణ నిషేధించింది. అయినా దర్గా మాన్యాలు, ఖబ్రస్తాన్ అంచులు ప్లాట్లుగా మారాయి. అమ్మిన ముతవల్లీ ముస్లిమే. చాలాచోట్ల కొన్నవాడూ ముస్లిమే, కాగితం చూసిన వకీలూ ముస్లిమే. ఈ మూడు సంతకాలు పక్కపక్కన ఉన్న దస్తావేజు మీద సముదాయ ఐక్యత గురించి ఉపన్యాసం ఎలా చెప్పగలము?

గెజిట్ చూసి ఆగిపోవడం కూడా చాలదు. మణికొండలోని హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు ప్రకటించిన 1654 ఎకరాల వివాదం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో బోర్డుకు వ్యతిరేకంగా ముగిసింది. పాత రెవెన్యూ రికార్డు, ఇనాం విచారణల ఉత్తర్వులు, గెజిట్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవగల వకీలు కావాలి. 2025 సవరణతో మరో ముప్పు వచ్చింది. వక్ఫ్ ఆస్తుల వ్యాజ్యాలకు కాలపరిమితి చట్టం వర్తించదన్న పాత రక్షణ పోయింది. యాజమాన్య హక్కు మీద స్వాధీనం కోరే దావాకు సాధారణ గడువు 12 ఏళ్ళు. ఇకమీదట వాయిదాల మీద వాయిదాలు తీసుకుంటూ ఫైలును బీరువాలో నిద్రపుచ్చే వకీలును పెట్టుకున్న మస్జిద్ కమిటీ, తన స్థలాన్ని తానే వదులుకున్నట్టు.

‘సోదరుణ్ణి కాగితం అడగడమా?’

ఇన్ని ప్రశ్నలు అడిగితే వకీల్ సాబ్ నొచ్చుకుంటారని, సముదాయంలో అపనమ్మకం పెరుగుతుందని కొందరు పెద్దలు అంటారు. వారికి ఒక విషయం గుర్తుచేస్తాను. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికంటే దీర్ఘమైన ఆయత్, సూరా అల్ బఖరాలోని 282వది, అప్పు లావాదేవీ గురించినది. దానిని వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని అది బోధిస్తుంది. విశ్వాసులను ఉద్దేశించిన బోధ అది. పరస్పర విశ్వాసం ఉన్నవారికే వ్రాతపని విధి అయినప్పుడు, కాగితం అడగడం అవిశ్వాసమని ఎవరు చెప్పగలరు?

‘ఇతర మతస్థుడైన వకీలు మనకు న్యాయం చేస్తాడా?’ అన్నది రెండవ ఆక్షేపణ. పై నాలుగు ప్రశ్నలు ఆయననూ అడగనివ్వండి. అడిగితే ఆయన మన వకీలు. అడగకపోతే ఇంటి పక్క మస్జిద్‌లో మొదటి వరుసలో నిలబడేవాడైనా మన వకీలు కాడు. దీనికి వ్యతిరేక దిశలో మరో జాడ్యం కూడా ఉన్నది. ‘మనవాళ్ళకు పని రాదు’ అని ముస్లిం యువ న్యాయవాదులను, ముఖ్యంగా కోర్టుల్లో కష్టపడి నిలదొక్కుకుంటున్న మన అమ్మాయిలను, పరీక్షించకుండానే కాదనడం. పరీక్షించకుండా నమ్మడం, పరీక్షించకుండా తోసివేయడం రెండూ ఒకే సోమరితనం నుంచి పుట్టినవే.

మనకు అన్ని కాలనీలలో ఇళ్ళు అమ్మరు, అద్దెకూ ఇవ్వరు, అందువలన దొరికినచోట, ఉన్న కాగితాలతో కొనవలసి వస్తున్నదని చెప్పేవారి బాధ నిజమైనది. ఆ వివక్ష మీద పోరాడవలసిందే. అయితే ఎంచుకునే స్థలాలు తక్కువైనవానికే ప్రతి స్థలాన్నీ మరింత తరచి చూడవలసిన అవసరం ఉన్నది. మనకున్న ఇరుకును సొమ్ము చేసుకునే బ్రోకరుకు మన తొందరే పెట్టుబడి.

బయానా ఇవ్వకముందు

ఆచరణలో చేయవలసినవి చెబుతాను. బయానా ఇవ్వకముందే వకీలు దగ్గరకు వెళ్ళాలి. ఇచ్చిన తరువాత వెళ్తే మన డబ్బు వెనక్కు ఎలా వస్తుందన్నదే చర్చ అవుతుంది. ఆయన ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగి రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవాలి. సివిల్ కోర్టులో ఆస్తి దావాలు నడుపుతున్నారా అని అడగాలి. హక్కు కాగితాలలోని లొసుగు ఎక్కడ పగులుతుందో దావాలు నడిపినవారికే బాగా తెలుస్తుంది. ‘అమ్మేవారికిగాని, ఈ బ్రోకరుకుగాని, ఈ వెంచర్‌కుగాని మీరు ఎప్పుడైనా పనిచేశారా?’ అని సూటిగా అడగాలి. ఈ ప్రశ్నకు కోపం వచ్చే వకీలుకు సలాం చెప్పి లేచి రావాలి.

లింకు డాక్యుమెంట్ల సర్టిఫైడ్ నకళ్ళు, ఈసీ మనమే స్వయంగా తీసి ఇవ్వాలి. అమ్మేవాడు ఇచ్చిన జిరాక్సు ప్రతులు చూసి ఇచ్చే అభిప్రాయానికి విలువ లేదు. సాగుభూమి నుంచి వచ్చిన ప్లాటైతే పహాణీలు, అడంగళ్ళు, లేఅవుట్ అనుమతి చూడాలి. వకీలు అభిప్రాయం నోటిమాటగా వద్దు. ఏయే పత్రాలు చూశారో, ఏవి దొరకలేదో, ఎవరెవరి సంతకాలు కావాలో వ్రాసి, తేదీతో సంతకం చేసిన కాగితం కావాలి. ‘అంతా క్లియర్’ అన్న ఒక్క వాక్యం అభిప్రాయం కాదు.

అసలు పత్రాలు ఆయన దగ్గర వదలరాదు. తప్పనిసరైతే జాబితా వ్రాయించి రసీదు తీసుకోవాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద, చదవని వకాలత్‌నామా మీద సంతకం పెట్టరాదు. అమ్మేవానికి చెల్లించే సొమ్ము వకీలు చేతుల మీదుగా వెళ్ళరాదు, బ్యాంకు ద్వారా నేరుగా వెళ్ళాలి. ఇంట్లో ఉర్దూ మాత్రమే చదివేవారు, అసలు చదవలేనివారు ఉంటే, దస్తావేజును వారికి అర్థమయ్యే భాషలో వాక్యం వాక్యం చదివి వినిపించమనాలి. అందుకు ఓపిక లేని వకీలుకు మన ఫీజు కూడా అక్కరలేదు.

కమిటీలు చేయవలసిన పని

ఈ భారమంతా ఒంటరి కుటుంబాల మీద వేసి ఊరుకోవడం న్యాయం కాదు. మస్జిద్ కమిటీలు, జమాఅతు పెద్దలు జుమా తరువాత వకీళ్ళ పేర్లు చెప్పే ముందు, వారితో తమకున్న సంబంధం కూడా చెప్పాలి. కమిటీ సభ్యుడే బ్రోకరైతే ఆయన సిఫారసు చేయరాదు. ప్రతి పట్టణంలోనూ ఆస్తి చట్టం, ముస్లిం వారసత్వ చట్టం రెండూ తెలిసిన నలుగురైదుగురు న్యాయవాదుల పట్టికను తయారుచేసి, వ్రాతపూర్వక అభిప్రాయానికి నిర్ణీత ఫీజు ప్రకటించాలి. పట్టికలో ముస్లిమేతరులూ ఉండవచ్చు, స్త్రీలు తప్పక ఉండాలి. ఒక్క ఫిర్యాదు రుజువైనా పేరు తొలగించాలి. ఫిర్యాదు చేసిన కుటుంబం వెంట బార్ కౌన్సిల్ వరకు నడవాలి. ‘మనవాడి పరువు తీయవద్దు’ అని బాధితుని నోరు నొక్కడం ఇక ఆగాలి.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. వాటా దక్కని చెల్లెళ్ళకు, పిల్లలతో మిగిలిన వితంతువులకు ఈ సంగతి చెప్పడం, అవసరమైతే వెంటబెట్టుకొని తీసుకువెళ్ళడం కమిటీలకు ఖర్చులేని సేవ.

మన హక్కుల కోసం వీధుల్లోకి వస్తున్నాము, వినతిపత్రాలు ఇస్తున్నాము. అవి కొనసాగాలి. వాటితోపాటు ఈ నెల మీ మొహల్లాలో ఇల్లు కొనబోయే కుటుంబం ఏదో కనుక్కోండి. బయానా చేతులు మారకముందే వారి ఇంటికి వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి: కాగితాలు చూస్తున్న వకీలుకు ఫీజు ఇస్తున్నది ఎవరు? అమ్మేవాని చెల్లెలి సంతకం ఎక్కడ?